పునాలో లావా పక్క కుటీరం: బస ఎలా ఉంది, మనకు పనికివచ్చేది ఎంత

హవాయి దీవులన్నిటిలో పెద్దదైన హవాయి ద్వీపానికి తూర్పు కొసన పునా అనే ప్రాంతం ఉంది. ఆ ప్రాంతపు దిగువ భాగంలో, కరెంటు తీగా కుళాయి గొట్టమూ చేరని ఒక చిన్న అడవి కాలనీలో, 1955 నాటి లావా ప్రవాహపు అంచున ఉన్న కుటీరాన్ని బాడుగకు తీసుకొని నేనూ నా భార్యా కొన్నాళ్ళు ఉన్నాము. అమెరికాలో పిల్లలున్న నెల్లూరు, ఒంగోలు వాళ్ళు హవాయి చూసి రావడం ఇప్పుడు మామూలే అయినా, వారిలో ఎక్కువమంది పెద్ద హోటళ్ళున్న సముద్రతీరాల దగ్గరే ఆగిపోతారు కాబట్టి ఈ తరహా బస గురించి వివరంగా రాయడం అవసరమనిపించింది. ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని పొదిలి దగ్గర మాకున్న మెట్ట చేనులో ఇల్లు కట్టుకొని, నీటికీ కరెంటుకూ ఎవరి మీదా ఆధారపడకుండా ఉండాలన్న ఆలోచన మాకు చాలాకాలంగా ఉంది. అందుచేత ఈ కుటీరాన్ని విహారయాత్రికుడి కంటితో కాక, రేపు అదే పనికి పూనుకోబోయే మనిషి కంటితో చూశాను. తీర్పు ముందే చెబుతాను. నీళ్ళ ఏర్పాటు చూడటానికైతే ఈ బస ఇచ్చిన డబ్బుకు పూర్తిగా తగినది. సౌర విద్యుత్తు ఏర్పాటు చక్కగా ఉన్నా మన ఎండలకు అతకదు. అడవి అందం కోసం మాత్రమే వెళ్ళేవారు రెండో రాత్రికే విసుక్కుంటారు.

లావా అనగానే ఎర్రగా పారే నిప్పుటేరును ఊహించుకొని వెళితే నిరాశ తప్పదు. కుటీరం పక్కనున్నది చల్లారి ఏడు దశాబ్దాలైన నల్లరాయి. దాని మీద బూడిద రంగు రాతిపాచి, పగుళ్ళలో ఫెర్న్ మొక్కలు, వాటి మధ్య ఎర్రటి కుచ్చుపూల ఓహియా చెట్లు లేచి అది మెల్లగా అడవిలో కలిసిపోతున్నది. కారులో కొంత దూరం పోతే 1990లో వందకు పైగా ఇళ్ళను కప్పేసిన కలపాన ప్రవాహం కనిపిస్తుంది. అక్కడ మొక్కలు ఇంకా పగుళ్ళు దాటి పైకి రాలేదు. అక్కడి చెక్క చర్చిని మాత్రం లావా చేరకముందే లేపి వేరేచోటికి తరలించి బతికించుకున్నారు. ఇంకోవైపు పోతే 2018 నాటి ప్రవాహం ఉంది. ఆ ఏడు మే 3న కిలావేయా అగ్నిపర్వతపు తూర్పు పగులు లెయిలానీ ఎస్టేట్స్ అనే కాలనీ నడుమ తెరుచుకొని, కొన్ని నెలలలో 700కు పైగా ఇళ్ళను, సుమారు 35 చదరపు కిలోమీటర్ల నేలను కప్పేసింది. ఈ మూడు ప్రవాహాలనూ వరుసగా చూస్తే, రాయి నేలగా మారడానికి ఎంత కాలం పడుతుందో ఏ పుస్తకమూ చెప్పనంత స్పష్టంగా అర్థమవుతుంది. చీమకుర్తి గ్రానైటు క్వారీల పక్కన పెరిగినవాడిని కాబట్టి నాకు ఇందులో మరొక ఆసక్తి కూడా ఉంది. బ్లాక్ గెలాక్సీ అని పేరుపడ్డ మన నల్లరాయీ ఇలాంటి శిలాద్రవమే. కాకపోతే అది భూమి లోపలే నిదానంగా చల్లారడం వల్ల స్ఫటికాలు పెద్దవై, పాలిష్ పట్టగానే బంగారు చుక్కలు మెరుస్తాయి. పునాలోది బయటికి వచ్చి గాలి తగిలి త్వరగా గట్టిపడినది కనుక బుడగలతో, పదునుగా, చెప్పు లేకుండా అడుగు వేయనీయనిదిగా ఉంటుంది.

గది తలుపు వెనుక యజమానురాలు అంటించిన లావా ప్రమాద పటం నాకు ఈ బసలో నచ్చిన మొదటి విషయం. అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఈ ద్వీపాన్ని తొమ్మిది ప్రమాద మండలాలుగా విభజించగా, దిగువ పునాలో అధిక భాగం అత్యంత ప్రమాదకరమైన ఒకటి, రెండు మండలాలలోనే పడింది. ఆ మండలాలలో ఇంటికి బీమా దొరకడం కష్టం, దొరికినా ఖరీదు ఎక్కువ. అందువల్ల అక్కడి స్థానికులు చాలామంది, పోయినా తట్టుకోగలిగినంత ఇల్లే కడతారు. మా కుటీరమూ అంతే: కట్టె స్తంభాల మీద నేలకు నడుమెత్తున నిలబెట్టిన ఒకే గది, రంగు వేసిన లోహపు రేకుల కప్పు, మూడు వైపులా జాలీ గోడలు, ఒక వరండా. బాత్రూము బయట ఉంది. మరుగుదొడ్డి నీళ్ళు అక్కరలేని ఎరువు తొట్టి రకం. ప్రతిసారీ రెండు దోసిళ్ళ రంపపు పొట్టు వేయాలి. వాసన లేదని ఖచ్చితంగా చెప్పగలను. కానీ మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు అర్ధరాత్రి తడి మెట్లు దిగి అక్కడికి పోవడం ఇబ్బందే; మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు.

ఇక నీళ్ళ సంగతి. పునాలో వానకు కొరత లేదు. పక్కనున్న హిలో పట్టణంలో ఏటా సుమారు 3,200 మి.మీ. వర్షం పడుతుంది, పునాలోని తడి ప్రాంతాలలో పడేదీ ఇంచుమించు అంతే. అయినా ఆ ప్రాంతంలో చెప్పుకోదగ్గ వాగు లేదు, ఎందుకంటే లావా నేల జల్లెడలా నీటిని ఎప్పటికప్పుడు కిందికి దించేస్తుంది. చాలా కాలనీలను ప్లాట్లుగా కోసి అమ్మినప్పుడు నీటి గొట్టాలు వేయలేదు. అందువల్ల ఆ ద్వీపంలో వేలాది కుటుంబాలు కప్పు మీద పడిన వాననీటితోనే బతుకుతున్నాయి. వచ్చిన రోజే యజమానురాలు గంటసేపు మమ్మల్ని వెంటబెట్టుకొని ఆ నీటి దారి అంతా చూపించారు. కప్పు మీది నీరు చూరు కాలువలోకి, అక్కడినుంచి తొలి వాన మురికిని విడిగా వదిలేసే నిలువు గొట్టంలోకి, ఆ తరువాత మందపాటి ప్లాస్టిక్ పొర పరచిన గుండ్రటి ఇనుప రేకు ట్యాంకులోకి చేరుతుంది. ట్యాంకు 10,000 గ్యాలన్లది, అంటే దాదాపు 38,000 లీటర్లు. పైన వెలుతురు చొరని మందపాటి గుడ్డ బిగించి ఉంటుంది. అది ఆకుల కోసమే కాదు, నాచు పెరగకుండా, దోమలు గుడ్లు పెట్టకుండా కూడా. 2015-16లో ఆ ద్వీపంలో డెంగీ వ్యాపించిన తరువాత ఈ మూత విషయంలో అందరూ మరింత పట్టింపుగా ఉన్నారట. ట్యాంకు నుంచి మోటారు లాగిన నీరు ముందు 20 మైక్రాన్ల (మైక్రాను అంటే మి.మీ.లో వెయ్యో వంతు) వడపోతలో, తరువాత 5 మైక్రాన్ల వడపోతలో, చివరకు అతినీలలోహిత దీపం కిందుగా వెళ్ళి కుళాయికి వస్తుంది.

ఇంత చేసినా ఆమె తాగడానికి ఆ నీళ్ళు వాడనివ్వలేదు. రోడ్డు పక్కన కౌంటీ ప్రభుత్వం పెట్టిన కుళాయిల దగ్గర పట్టి తెచ్చిన పెద్ద సీసాలు వంటగదిలో ఉంచారు. కారణాలు సూటిగా చెప్పారు. అగ్నిపర్వతం వదిలే గంధక వాయువు వానలో కలిసి నీటికి ఆమ్ల గుణం ఇస్తుంది. ఆ నీరు పాత కప్పుల రంగులోనో, మేకుల దగ్గరో సీసం ఉంటే దాన్ని కరిగించి తెస్తుంది. దీపం సూక్ష్మజీవులను చంపుతుంది గానీ సీసాన్ని తీయలేదు. శిఖరం మీద లావా చిమ్మినప్పుడు గాలికి కొట్టుకొచ్చే సన్నటి గాజు తీగలు కప్పుల మీద పడతాయి. వాటిని, అక్కడివారు అగ్నిపర్వత దేవతగా కొలిచే పేలే వెంట్రుకలంటారు. అప్పుడు కాలువను ట్యాంకు నుంచి విప్పేస్తారు. బాడుగకు ఇచ్చేవారు తమ ఏర్పాటులోని లోపాలను ఇంత వివరంగా చెప్పడం నేను ఇంకెక్కడా చూడలేదు, ఈ ఒక్క కారణంతోనే ఈ బసకు మంచి మార్కులు వేస్తాను.

ఆ రాత్రి వాన రేకుల మీద మోగుతుంటే నా భార్య, "ఏమండీ, ఇక్కడ చూరు కింద బిందె పెడితే చాలు, నిండిపోతుంది. మన పొదిలి వైపు మబ్బు కోసం ఎదురుచూడటమే సరిపోతుంది కదా, ఇదంతా నేర్చుకొని ఏం చేస్తాం?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే కనుక దానికి లెక్కతోనే జవాబు చెప్పాలి.

ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మి.మీ. వాన పడితే ఒక లీటరు నీరు. 100 చదరపు మీటర్ల కప్పు మీద పునాలో ఏడాదికి మూడు లక్షల లీటర్లు పడతాయి. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో పడమటి మండలాలకు తక్కువలో తక్కువగా 600 మి.మీ. అనుకొని, అందులో ఐదో వంతు వృథా అయిందనుకున్నా, అదే కప్పు నుంచి 48,000 లీటర్లు చేతికి వస్తాయి. నలుగురున్న ఇంట్లో స్నానాలకు, బట్టలకు, అన్నిటికీ కలిపి మనిషికి రోజుకు 100 లీటర్లు వేసుకుంటే ఏడాదికి 1,46,000 లీటర్లు కావాలి. కాబట్టి పునా వాళ్ళలాగా వానతోనే ఇల్లంతా నడపడం మనకు సాధ్యం కాదు. కానీ తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు ఐదు లీటర్లు చాలు. అలా ఏడాదికి 7,300 లీటర్లే. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరులో వెనుదిరిగిన తరువాత మళ్ళీ నమ్మదగిన వాన వచ్చేదాకా ఏడు నెలలు గడపాలన్నా 4,200 లీటర్లు నిలవ ఉంటే సరిపోతుంది. వాన తప్పిన ఏడును కూడా దృష్టిలో పెట్టుకొని 10,000 లీటర్ల సంపు కట్టుకుంటే తాగునీటికి ఇక దిగులుండదు.

ఈ లెక్క మన ప్రాంతానికి ఎంత ముఖ్యమో పొదిలి, దర్శి, కనిగిరి వైపు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. నీటిలో ఫ్లోరైడు ఎక్కువై పళ్ళనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో వైద్యులు తొలిసారి 1937లో నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోని ఈ పల్లెలలోనే. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదనీ, గత్యంతరం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు ఓర్చుకోవచ్చనీ భారత ప్రమాణాలు చెబుతుండగా, ఇక్కడి చాలా బోర్లు ఆ గీతను ఎప్పుడో దాటాయి. కాచితే ఫ్లోరైడు పోదు సరికదా, నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. ఆర్వో ప్లాంటు దాన్ని తీస్తుంది గానీ తీసుకున్న నీటిలో పెద్ద భాగాన్ని బయటికి పారబోస్తుంది. వాననీటిలో మాత్రం ఫ్లోరైడు దాదాపు ఉండదు. పునా వాళ్ళను భయపెడుతున్న గంధకపు పొగ మనకు లేదు. అంటే వాన అంతగా ఉన్నవాళ్ళు తాగడానికి జంకుతున్న నీటిని, వాన తక్కువైనా మనమే వడపోసి, కాచుకొని తాగగల స్థితిలో ఉన్నాము. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం ఎదురుచూస్తూనే, క్యానుకు డబ్బులు పోస్తూనే, డాబా మీద పడిన వానను వీధిలోకి వదిలేయడం నాకు ఇప్పుడు మరీ వింతగా తోస్తున్నది. డాబా అయితే వానకాలానికి ముందు శుభ్రంగా కడిగించి, పావురాలు వాలకుండా చూసుకోవాలి. కొత్తగా కట్టేవారు రేకుల వరండాను పెద్దది చేసుకుంటే ఇంకా మేలు.

వారి నీళ్ళ ఏర్పాటులో నాకు కనిపించిన లోపం ఒకటుంది. అక్కడ మిద్దె మీద ట్యాంకు పెట్టుకునే అలవాటు లేదు. కుళాయి తిప్పిన ప్రతిసారీ కింద మోటారు తిరగవలసిందే. రాత్రి ఒకరు చేయి కడుక్కుంటే ఇంకొకరికి నిద్ర చెడుతుంది. బ్యాటరీ అడుగంటితే నీళ్ళూ ఆగిపోతాయి. ఎండ ఉన్నప్పుడే నీటిని పైకి ఎక్కించి పెట్టుకుంటే ఈ రెండు బాధలూ ఉండవని యజమానురాలికి చెప్పాను. భూకంపాలొచ్చే చోట నెత్తిన బరువు పెట్టుకోవడం మంచిది కాదని ఆమె సమాధానం. 2018 మే 4న అక్కడ 6.9 తీవ్రతతో భూమి కంపించిందని గుర్తు చేసుకుంటే ఆ మాటను కొట్టిపారేయలేము. అయితే పొదిలిలో మనకు ఆ అడ్డు అంతగా లేదు.

కరెంటు విషయానికి వస్తే, మూడు కిలోవాట్లకు కాస్త తక్కువ ప్యానెళ్ళు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు, ఒక ఇన్వర్టర్ ఉన్నాయి. దీపాలు, ఒక చిన్న ఫ్రిజ్, మోటారు, ఇంటర్నెట్, ఫోన్ల చార్జింగు ఏ ఇబ్బందీ లేకుండా నడిచాయి. వంటకూ వేడినీళ్ళకూ ప్రొపేన్ సిలిండరు. గోడకు ఒక నోటు పుస్తకం వేలాడదీశారు. పొద్దునా సాయంత్రం బ్యాటరీ ఎంత ఉందో, ట్యాంకులో ఎన్ని అంగుళాల నీరుందో అతిథులే అందులో రాయాలి. మొదట ఇది చాదస్తంగా అనిపించినా, రెండు రోజులు వరసగా మబ్బు పట్టినప్పుడు ఫ్రిజ్‌ను రాత్రిపూట ఆపాలా వద్దా అని మేమే ఆ అంకెలు చూసి నిర్ణయించుకోగలిగాము. ఇంత సాఫీగా నడవడానికి అసలు కారణం పరికరాల గొప్పతనం కాదు, వాతావరణం. అక్కడ ఏడాది పొడవునా ఏసీ అవసరం లేదు, హీటరు అవసరమూ లేదు. ఒంగోలు, నెల్లూరు మే నెలలో ఒక టన్నున్నర ఏసీ రాత్రంతా తిరిగితే ఎనిమిది నుంచి పది యూనిట్లు తాగుతుంది. వాళ్ళ బ్యాటరీ అంతా దానికే చాలదు. పైగా మన పల్లెలకు కరెంటు తీగ ఉన్నది. తీగ ఉన్నచోట దాన్ని కోసుకొని లక్షలు పోసి బ్యాటరీలు కొనడం దండగ. 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు ఇచ్చే 78,000 రూపాయల సబ్సిడీ కూడా గ్రిడ్డుకు, అంటే ఊరి కరెంటు తీగకు కలిపిన ప్యానెళ్ళకే వర్తిస్తుంది. బ్యాటరీ లేని గ్రిడ్ ప్యానెళ్ళు కరెంటు పోయినప్పుడు లైన్‌మెన్ భద్రత కోసం తామూ ఆగిపోతాయి కాబట్టి, ఫ్యాన్లకూ దీపాలకూ మాత్రం విడిగా ఒక చిన్న ఇన్వర్టర్ ఉంచుకుంటే సరిపోతుంది.

తిండికి ఇబ్బంది పడలేదు. కుటీరం చుట్టూ బొప్పాయి, సీమపనస, జామ చెట్లున్నాయి. పునా బొప్పాయి తోటలను వైరస్ తుడిచిపెట్టేస్తున్న రోజుల్లో, 1998లో విడుదలైన జన్యుమార్పిడి రకమే వాటిని నిలబెట్టింది. తీపి బాగుంది, మన నాటు బొప్పాయి వాసన మాత్రం లేదు. సీమపనసను నా భార్య కూరపొడి చల్లి వేపుడు చేస్తే యజమానురాలు చేసే తీరు రాసుకొని వెళ్ళారు. ఆకుకూరల విషయంలో మాత్రం జాగ్రత్త తప్పదు. ఎలుకల నుంచి నత్తలకు, నత్తల నుంచి పచ్చి ఆకుల మీదుగా మనిషి మెదడుకు చేరే ఒక పురుగు జబ్బుకు పునా పేరుపడ్డ చోటు. ఆకు ఆకునూ విడదీసి కడిగి ఉడికించి తినడం మన అలవాటే కాబట్టి మనకు భయం తక్కువ. పచ్చి కూరల సలాడ్లు తినే పిల్లలకు ముందే చెప్పాలి.

రాత్రి మోత గురించి ప్రకటనలో ఒక్క మాట లేకపోవడం తప్పు. ప్యూర్టోరికో నుంచి మొక్కల కుండీలలో వచ్చి చేరిన కోకీ కప్పలు గోరంత ఉండి, పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా వేలకొద్దీ ఒకేసారి అరుస్తాయి. నిద్ర పలచగా ఉన్నవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకోవలసిందే. చిన్న ఎర్రచీమలు కూడా ఉన్నాయి. చెట్ల కొమ్మలను ఊపితే మెడ మీద రాలి కుడతాయి. ప్రకటనలోని ఫోటోలలో వెనుక ఎర్రటి లావా వెలుగు చూపించారు, అది ఎప్పటిదో, ఎక్కడిదో రాయలేదు. దారి చివరి భాగం ఎర్రటి లావా చిల్లతో వేసిన గతుకుల బాట. చిన్న కారులో నెమ్మదిగా పోవచ్చు గానీ వానలో రాత్రిపూట వద్దు. పునాలో అల్బీజియా చెట్లు పెద్ద గాలికి విరిగి దారులు మూసేయడం మామూలు, 2014 ఆగస్టులో ఇసెల్ తుఫాను వచ్చినప్పుడు అలాగే జరిగింది. అందుకే గదిలో రెండు రోజులకు సరిపడా తిండి ఎప్పుడూ ఉంచుకోమని చెప్పారు, మంచి సలహా. కాలనీ వాళ్ళు పలకరిస్తారు, పనిలేకుండా గడపలోకి రారు. అడగకుండా వాళ్ళ ఇళ్ళ ఫోటోలు తీయవద్దు. లావా రాయిని గుర్తుగా జేబులో వేసుకోవడం అక్కడివారికి పేలే దేవత పట్ల అపచారం, ఆ మర్యాద పాటించండి.

అద్దె హిలోలోని మామూలు హోటలు గది కన్నా కొంచెం తక్కువే పడింది, శుభ్రపరిచే రుసుము విడిగా వేశారు. పొలంలో ఇల్లు కట్టుకోవాలనుకునేవారికి, నీటి సంఘాలలో పనిచేసేవారికి, ఇంజినీరింగు చదివే పిల్లలకు ఐదింటికి నాలుగున్నర ఇస్తాను. కొత్త దంపతులకూ, అరవై దాటి మోకాళ్ళు సహకరించనివారికీ రెండున్నర కన్నా ఎక్కువ ఇవ్వలేను. వెళ్ళదలచినవారు బుక్ చేసే ముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి: కప్పు రంగులో గానీ మేకులలో గానీ సీసం ఉందా, తాగునీరు ఎక్కడినుంచి తెస్తారు, బ్యాటరీ అయిపోతే నీళ్ళు ఎలా వస్తాయి. ట్యాంకు నిండే తీరు చూడాలంటే నవంబరు నుంచి ఏప్రిల్ లోపు పోవాలి. జూన్‌లో వాన తగ్గినప్పుడు అక్కడా కొందరు మనలాగే ట్యాంకర్ల నీళ్ళు కొనుక్కుంటారు, ఆ రోజుల్లో స్నానానికి ఇంత అని కొలత పెడతారు.